ఆరు పరీక్షల మనిషి

“ముక్కు” అంది ల్యాబ్ టెక్నీషియన్ మాస్కు వెనక నుంచి. లైబ్రేరియన్‌కి “మొక్కు” అని వినిపించింది. ఆ కళ్లు చూశాక అతనికది సబబైన ఆజ్ఞే అనిపించి, రెండు చేతులూ జోడించాడు.

“దండాలు తర్వాత. ముందు తల పైకెత్తండి” అందామె దూదిపుల్ల పట్టుకుని.

సోమవారం మొదలైన ఆ ముక్కుబడి శనివారం దాకా సాగింది. ఒకరోజు గొంతు గరగర, ఒకరోజు తుమ్ము, ఒకరోజు వట్టి అనుమానం. ఆరుసార్లూ నెగెటివే. మనసు సంగతి తేల్చే కిట్ ఇంకా రాలేదు.

ఆ యూనివర్సిటీలో వైరస్ పరీక్షలు చేసేదీ, వారం వారం రిపోర్టు రాసి నోటీసు బోర్డుకెక్కించేదీ ఆమే. పాజిటివ్‌లు నూటికి ఐదు దాటితే తరగతులూ లైబ్రరీ రెండు వారాలు మూత.

శనివారం సాయంత్రం రిజిస్ట్రార్ రిపోర్టు ముందేసుకున్నాడు. ఆయన ఆమెకు స్వయానా మేనమామ.

“పరీక్షలు నూట ఎనభై నాలుగు, పాజిటివ్ తొమ్మిది. ఐదు లోపే కదమ్మా. ఎల్లుండి ప్రాక్టికల్స్ ఉన్నాయి. సంతకం పెట్టేస్తా.”

“పరీక్షలు అన్నే మావయ్యా. మనుషులు నూట డెబ్బై తొమ్మిది మందే. ఒకాయనే ఆరుసార్లు చేయించుకున్నాడు. మనుషుల్ని లెక్కేస్తే ఐదు దాటుతుంది.”

“ఇన్నాళ్లూ పరీక్షలేగా లెక్కేశాం?”

“ఇన్నాళ్లూ ఒకే వారంలో ఎవరూ రెండోసారి రాలేదు. జబ్బు పడేది మనుషులు మావయ్యా, దూదిపుల్లలు కాదు.”

“ఇంతకీ ఎవరా ఆరు ముక్కుల మొనగాడు?”

“పేరు చెప్పకూడదు.”

పాత ఫైళ్లు ఇవ్వడానికొచ్చిన లైబ్రేరియన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నోరు మెదపకపోతే లైబ్రరీ తెరిచే ఉంటుంది, సోమవారం ఆమె మళ్లీ కనబడుతుంది.

“నేనే సార్” అన్నాడు. “నన్ను ఒక్కసారే లెక్కేయండి.”

“నీకేం రోగమయ్యా?”

“రోగం లేదు సార్. మొదటిరోజు ఆవిడ ముక్కు అంటే మొక్కు అనుకున్నాను. ఆ మొక్కే తీరడం లేదు. మూసేస్తే రెండు వారాలు ఆవిడ కనబడరు, తెలుసు. అయినా ఆవిడ లెక్కే రైటు. ఆవిడ లెక్క తారుమారు చేసే మనిషైతే నేను ఇన్నిసార్లు వచ్చేవాణ్ణి కాదు.”

మాస్కు ఎందుకు పనికొస్తుందో ఆమెకు ఆ క్షణాన బాగా తెలిసొచ్చింది.

“జబ్బు చేస్తేనే ల్యాబ్‌కి రండి” అంది.

“చెయ్యకపోతే?”

“సాయంత్రం ఐదింటికి గేటు బయట నిలబడండి. ఆరడుగుల దూరంలో.”

రిజిస్ట్రార్ ఇద్దర్నీ చూశాడు. కలం తీశాడు.

సోమవారం బోర్డు దగ్గర అందరూ గుమిగూడి చదివారు: “మనుషులు 179. పాజిటివ్ 9. రెండు వారాలు సెలవు. గమనిక: పరీక్షలు 184. ఒకే వ్యక్తి ఆరుసార్లు చేయించుకున్నారు. కారణం వైరస్ కాదు.”

దాని కింద రిజిస్ట్రార్ దస్తూరీ: “మేనమామకు అభ్యంతరం లేదు.”