పదకొండో నంబరు ఆటగాడి భుజం

ఆ శనివారం ఉదయం వాండా కజ్మారెక్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన మనిషి తలుపు ఎడమచేత్తో తీశాడు. టోపీ ఎడమచేత్తో తీశాడు. కుర్చీ కూడా ఎడమచేత్తోనే లాక్కుని కూర్చున్నాడు. అంతసేపూ వాండా సహాయకుడు రూఫస్ బెల్ అతని ముఖం వంకే చూస్తున్నాడు. టొలీడో ఊళ్లో ఆ ముఖం ఎరగనివాడు లేడు. కింద పోలిష్ బేకరీ గోడ మీద కూడా అతని ఫోటో వేలాడుతోంది. ఎమరీ ప్రూయిట్, గ్లేజర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్, పదకొండో నంబరు. తొమ్మిదేళ్లుగా ఆ జట్టులో బంతి విసిరే చెయ్యి అతనిది. ఆ చెయ్యి బాగుంటే ఊరు పండగ చేసుకునేది, బాగాలేకపోతే సోమవారం ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవారు కాదు.

"మేడమ్, నాకే పిచ్చెక్కిందో, నన్నెవరైనా పిచ్చివాణ్ణి చేస్తున్నారో తేల్చిపెట్టాలి," అన్నాడు. "సోమవారం సాయంత్రం నాలుగింటిలోగా."

వాండా తల ఊపింది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లపాటు బీమా కంపెనీలో దొంగ గాయాలనూ నిజం గాయాలనూ వేరుచేసే ఉద్యోగం చేసి, తర్వాత సొంతంగా ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. రూఫస్ ఆరేళ్లుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్నాడు. కాలేజీ రోజుల్లో అతనూ ఫుట్‌బాల్ ఆడినవాడే. మోకాలు పోయాక మానేశాడు.

ఎమరీ జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. గురువారం సాయంత్రం క్లబ్ ఆవరణలో అతని కారు వైపర్ కింద దొరికిందట. లోపల ఒకే కాగితం, పెద్ద పెద్ద అక్షరాలు.

"వాళ్లు చూపించిన ఫోటోలో భుజం నీది కాదు. సోమవారం సంతకం పెట్టొద్దు."

రూఫస్ ఉత్తరం రెండుసార్లు చదివాడు. వాండా మాత్రం కవరు వెనక్కి తిప్పి చూసింది. మూత మీద తెల్లటి గుడ్డ టేపు ముక్క అతికించి ఉంది. దాని అంచుల మీద బొటనవేలు రాసి, కవరు పక్కన పెట్టింది.

"సంతకం దేనికి?"

"పూర్తిగా కోలుకున్నానని. ఫిబ్రవరిలో స్కానింగ్ తీశారు. భుజం శుభ్రంగా ఉందని రిపోర్టు. నేనేమో ఈ చేత్తో పాల డబ్బా ఎత్తలేకపోతున్నాను." ఎడమచేత్తో కుడి భుజం పట్టుకున్నాడు. "బాగైపోయిందని కాగితం చెబుతుంటే నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోంది మేడమ్? నా మనసులో ఉందా?"

"నవంబరులో ఏం జరిగింది?"

"ఆట రెండో సగంలో ఒకడు మీద పడ్డాడు. భుజంలో ఏదో చిరిగినట్టయింది. పాప్స్ పక్కకి తీసుకెళ్లి చూశాడు. అదే, మా గాయాలు చూసుకునే ట్రైనరు. కట్టు కట్టాడు, మళ్లీ వెళ్లాను. ఇంకో దెబ్బ తగిలింది. ఇక లేవలేదు."

"అదే భుజానికి అంతకుముందెప్పుడైనా?"

"కాలేజీలో ఆపరేషన్ అయింది. రెండు స్క్రూలు వేశారు. వాన పడేముందు అవే చెప్పేస్తాయి నాకు."

"నొప్పి సంగతి మీ ఏజెంటుకి చెప్పారా?"

"ఏమని చెప్పను? ఆ మాట బయటికి పొక్కితే ఏ జట్టూ నా ముఖం చూడదు. హెండ్రీ, మా మేనేజరు, 'నువ్వు సంతకం పెట్టు, వచ్చే ఏడాదీ నువ్వే' అన్నాడు. పెట్టకపోతే వేరేవాణ్ణి వెతుక్కుంటాడట. నాకు ముప్పైరెండు నిండాయి. ఈ ఆట తప్ప నాకేం వచ్చు?"

"ఆ మాట కాగితం మీద ఉందా?"

ఎమరీ తల అడ్డంగా ఊపాడు.

"అయితే కాగితం మీద ఉన్నది చూద్దాం. మీ కాంట్రాక్టు మొత్తం నాకు పంపించండి," అంది వాండా.

*

మధ్యాహ్నానికి ముగ్గురూ క్లబ్‌కి వెళ్లారు. ట్రైనర్ గదిలో లేపనాల ఘాటు. అరవై నాలుగేళ్ల ఫ్రాంక్ ఒబెర్లిన్ ఒక ఆటగాడి చీలమండకి కట్టు కడుతున్నాడు. అతని అసలు పేరు సగం మందికి తెలియదు. అందరికీ అతను పాప్స్.

"రా నాన్నా, రా. నిద్రపోయావా లేదా? ముఖం చూడు, పీక్కుపోయింది," అన్నాడు ఎమరీని చూసి. మాట్లాడుతూనే టేపు చుట్టి, పుటుక్కున తెంపి, ఆటగాణ్ణి పంపేశాడు.

ఎమరీ ఒప్పుకోవడంతో పాప్స్ కంప్యూటర్ మీద స్కానింగ్ చూపించాడు. పేరు, తేదీ, కుడి భుజం. ఎముక గుడ్డు పెంకులా నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. రూఫస్‌కి అసూయ కూడా కలిగింది. తన మోకాలి ఫోటో ఎప్పుడూ అంత అందంగా లేదు.

"ఇవి ఎవరు చదువుతారు?" అడిగింది వాండా.

"షికాగోలో ఒక డాక్టరు. స్కానింగ్ ఉన్న డిస్కు పంపితే చూసి రాస్తాడు. మనిషిని చూడడు. ఇక్కడి డాక్టరమ్మ జనవరిలోనే వచ్చింది, ఆమెకి ఆ రాసిందే ఆధారం."

"ఆ రోజు ఇంకెవరికైనా తీశారా?"

పాప్స్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "టై బ్రానిగన్‌కి తీశారు. ఎమరీ తర్వాత అతని స్థానంలోకి రావాల్సిన కుర్రాడు. ఇద్దర్నీ నా బండిలోనే తీసుకెళ్లాను. డిస్కులు పంపించింది కూడా నేనే."

ఇరవై మూడేళ్ల టై బ్రానిగన్ భోజనశాలలో ఒంటరిగా చిక్కుడు గింజల కూర ముందు కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మెడకి వేలాడే పట్టీలో ఉంది. వాండా పక్కన కూర్చుని మెల్లగా అడిగేసరికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవరికీ చెప్పొద్దన్నారు. నా భుజం లోపల చిరిగిందట. సీజన్ చివర్లో కాస్త పట్టేసిందంతే. ఇప్పుడు నొప్పే లేదండీ! నిన్న మా పాత హైస్కూల్ మైదానానికి దొంగతనంగా వెళ్లి అరవై బంతులు విసిరాను. చక్కగా వెళ్లాయి. మా అమ్మకి ఈ మాట చెప్పలేక ఫోన్ కూడా ఎత్తడం లేదు."

మేనేజరు డగ్లస్ హెండ్రీ అద్దాల గదిలో నిలబడే మాట్లాడాడు.

"డిటెక్టివ్‌ని తెచ్చుకున్నాడా? బాగుంది. భుజం బాగుందని డాక్టర్లు చెబుతుంటే ఏడుస్తాడేంటి? అవతల ఆ రెండోవాడి చెయ్యి పోయిందని నా తల పగిలిపోతోంది."

"అయితే ఎమరీ ఉండటం మీకు మరీ అవసరం కదా?"

"సంతకం పెట్టమనండి. మిగతాది నేను చూసుకుంటాను," అని తలుపు చూపించాడు.

కారులో కూర్చోగానే రూఫస్ ఆగలేకపోయాడు. "బాస్, ఇది హెండ్రీ పనే. ఆ మనిషి చూపు చూశారా?"

"చూపుల్ని కోర్టులో ఎవరు తీసుకుంటారు రూఫస్?" వాండా సంచిలోంచి తెల్లటి గుడ్డ టేపు చుట్ట తీసింది. దారిలో మందుల షాపులో కొన్నది. "కత్తెర లేకుండా ఒక ముక్క తెంపు."

రూఫస్ లాగాడు, మెలితిప్పాడు, చివరికి పళ్లతో కొరికాడు. ముక్క తెగింది గానీ అంచు నిండా దారాలు వేలాడాయి. వాండా ఆ ముక్కని తీసుకుని కవరు మీది ముక్క పక్కన పెట్టి చూసింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ ముఖంలో గెలుపు లేదు. ఏదో దిగులు కనిపించింది రూఫస్‌కి.

ఆదివారమంతా ఆవిడ కాంట్రాక్టు చదివింది. ఎమరీ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "ఏమైనా తెలిసిందా?" అని అడిగిన ప్రతిసారీ రూఫస్ "చూస్తున్నారు" అనే చెప్పాల్సి వచ్చింది.

*

సోమవారం రెండున్నరకి హెండ్రీ గదిలో అందరూ కూర్చున్నారు. ఎమరీ, టై, పాప్స్, కొత్త డాక్టరు హాలొరన్, బల్ల అవతల హెండ్రీ. బల్ల మీద సంతకం పెట్టాల్సిన కాగితం, దాని మీద కలం సిద్ధంగా ఉన్నాయి.

"త్వరగా కానివ్వండి," అన్నాడు హెండ్రీ గడియారం చూసుకుంటూ.

"తొందర మీకే ఎక్కువ, తెలుసు," అంది వాండా. "డాక్టర్, కాలేజీలో ఎమరీ కుడి భుజంలో రెండు స్క్రూలు వేశారు. అవి స్కానింగ్‌లో కనబడాలా?"

"నల్లటి మచ్చల్లా స్పష్టంగా కనబడతాయి," అంది డాక్టరు.

"ఆయన పేరుతో ఉన్న ఫోటోలో కనబడ్డాయా?"

డాక్టరు కంప్యూటర్ తిప్పి చూసింది. "లేవు," అంది. మరో ఫోటో తెరిచింది. "ఇందులో ఉన్నాయి. కానీ ఇది టై బ్రానిగన్‌ది."

టై దిగ్గున లేచాడు. "నాకు ఆపరేషనే కాలేదు!"

"కాలేదు బాబూ. నీ భుజానికి ఏమీ కాలేదు. మీ ఇద్దరి డిస్కుల మీదా పేర్లు మార్చేశారు. నొప్పి ఉన్నాయనకి బాగుందని రిపోర్టు, బాగున్న నీకు చిరిగిందని రిపోర్టు." వాండా ఎమరీ వైపు తిరిగింది. "మీ నొప్పి మీ మనసులో లేదు. భుజంలోనే ఉంది."

ఎమరీ రెండు చేతుల్లో ముఖం దాచుకోబోయాడు. కుడిచెయ్యి సగంలోనే ఆగిపోయింది.

"ఎవరికి లాభం?" వాండా కొనసాగించింది. "క్వార్టర్‌బ్యాక్ బాగున్నాడంటే క్వార్టర్‌బ్యాక్‌కే లాభం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాంట్రాక్టు నలభై ఒకటో పేజీ వేరే మాట చెబుతోంది. గాయంతో ఉన్న ఎమరీని తీసేస్తే, వచ్చే ఏడాది జీతం రెండు కోట్ల ఎనభై లక్షల డాలర్లూ జట్టు ఇచ్చి తీరాలి. ఇవాళ నాలుగింటి తర్వాత జట్టులో ఉన్నా ఇవ్వాలి. కోలుకున్నానని ఆయనే సంతకం పెట్టాక, నాలుగింటిలోపు తీసేస్తే? పైసా అక్కర్లేదు. సంతకం మూడింటికి, తీసివేత ఉత్తరం మూడున్నరకి. అవునా మిస్టర్ హెండ్రీ?"

"ఊహాగానాలు! నేను ఏ డిస్కూ ముట్టుకోలేదు!"

"నిజమే. ముట్టుకుని ఉంటే మీరు నమ్ముకున్న రెండో కుర్రాడి భుజాన్నే బలిపెట్టేవారు కాదు. శుభ్రమైన కాగితం కావాలన్నారు, అది ఎలా వస్తుందో అడగలేదు." వాండా కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది రాసిందెవరో చూద్దాం. ఫోటోలో భుజం ఎమరీది కాదని ఎవరికి తెలుస్తుంది? షికాగో డాక్టరు ఎమరీని చూడలేదు. ఈ డాక్టరమ్మ రిపోర్టునే నమ్మింది. టైకి ఎమరీ రిపోర్టు సంగతే తెలియదు. తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు. పేర్లు మార్చినవాడు."

వాండా కవరు వెనక్కి తిప్పింది.

"ఈ టేపు చూడండి. చాకుతో కోసినట్టు తెగింది, కానీ కోసింది కాదు. వేళ్లతో తెంపింది. మా రూఫస్ వంద కిలోల మనిషి, వాడి వల్ల కాలేదు. ఏళ్ల తరబడి రోజుకి నూరు కట్లు కట్టిన చేతికే ఆ ఒడుపు వస్తుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "తప్పు చేసిన చెయ్యీ, హెచ్చరించిన చెయ్యీ ఒకటే. కదా పాప్స్?"

పాప్స్ మోకాళ్ల మీద పెట్టుకున్న తన చేతుల వంక చూసుకున్నాడు.

"నవంబరులో నిన్ను ఆపాల్సింది నాన్నా," అన్నాడు ఎమరీతో. "నీ వేళ్లు వణకడం చూశాను. పైనుంచి హెండ్రీ చూస్తున్నాడు, ఎనిమిది నిమిషాల ఆట మిగిలింది. కట్టు కట్టి పంపేశాను. జనవరిలో ఇతను పిలిచి, నేను నిన్నలా పంపేసిన వీడియో తన దగ్గరుందన్నాడు. ఫిబ్రవరి కాగితం శుభ్రంగా రాకపోతే నవంబరు బయటికొస్తుందన్నాడు. భయపడ్డాను. నలభై ఏళ్లు కాపాడే పని చేసి, చివర్లో..." ఫోన్ తీసి వాండా ముందు పెట్టాడు. "ఇతను పంపిన మెసేజ్ ఉంది. చెరపలేదు."

హెండ్రీ ఫోన్ వైపు చెయ్యి చాచాడు. రూఫస్ ముందే దాన్ని తీసుకుని అతనికి అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి తన వంద కిలోలు పనికొచ్చాయి. ఆ ఫోన్ సాయంత్రానికి లీగ్ విచారణాధికారుల చేతికి చేరింది. నెల తిరక్కుండానే హెండ్రీ అద్దాల గది ఖాళీ అయింది.

"నువ్వా పాప్స్?" అన్నాడు ఎమరీ. కోపంగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేదనిపించింది రూఫస్‌కి. "నొప్పి అని నేను చెప్పుకున్నది నీ ఒక్కడికే. అంతా మనసులోదేలే అన్నావు."

"అన్నాను."

"రాత్రిళ్లు లేచి కూర్చుని, నేను పిరికివాణ్ణయ్యానేమో అనుకునేవాణ్ణి."

పాప్స్ లేచి, మెడలోని క్లబ్ బిళ్ల తీసి బల్ల మీద పెట్టి, తలుపు దాకా వెళ్లి ఆగాడు. ఎమరీ పిలుస్తాడేమోనని ఆగాడు కాబోలు. ఎమరీ పిలవలేదు.

టై ఒక మూలకి పోయి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. చెయ్యి పట్టీ నేల మీద పడి ఉంది.

మూడూ పదికి డాక్టరు హాలొరన్ కొత్త కాగితం తీసుకుంది. "మిస్టర్ ప్రూయిట్, మీరు ఆడలేని స్థితిలో ఉన్నారని నేను రాయాలి. రాసేముందు మీ చెయ్యి పరీక్షించాలి."

ఎమరీ వాండా వైపు చూశాడు. "అంటే, జీతం దక్కాలంటే నా చెయ్యి పోయిందని నేనే ఒప్పుకోవాలి."

"పోయిందని కాదు. ఇవాళ బాగాలేదని. రేపటి సంగతి రేపు."

"మళ్లీ విసరగలనా?"

"అది నాకు తెలియదు," అంది వాండా. అబద్ధం చెప్పడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

ఎమరీ లేచి నిలబడ్డాడు. డాక్టరు అతని మోచెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తింది. ఛాతీ ఎత్తుకి వచ్చేసరికి అతని దవడ బిగుసుకుంది. ఆ బిగింపు రూఫస్‌కి తెలుసు. ఆటగాళ్లందరూ పదిహేనేళ్ల వయసులోనే నేర్చుకునేది అది.

"ఇక్కడ?" అడిగింది డాక్టరు.

ఎమరీ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. దవడ వదులైంది.

"నొప్పిగా ఉంది," అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా.