ఎండలో పెట్టిన దుంపలు

కరీమున్ బడి నుంచి రాగానే సంచీ అరుగు మీద పడేసి పెరట్లోకి పరిగెత్తింది. నులకమంచం మీద పరిచిన బంగాళాదుంపల్ని ఒక్కొక్కటే తిరగేసింది. మొత్తం ఇరవై మూడు. అన్నీ తను పండించినవే.

నిన్నటికన్నా ఇంకా పచ్చగా ఉన్నాయి.

వీధిలో అలికిడి లేదు. మిరప కోతల కాలం అది. ఆడవాళ్ళందరూ చేలకు వెళ్ళారు. ఆమె స్నేహితురాళ్ళు కూడా తల్లుల వెంట వెళ్ళారు. కరీమున్‌కి మిరప ఘాటు పడదు. చేలో అడుగు పెడితే తుమ్ములు ఆగవు, కళ్ళు వాస్తాయి. అందుకే సాయంత్రాలు ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

అమ్మ జోహరాబీ పొద్దుగూకాక ఇంటికి వచ్చినా వెంటనే దగ్గరికి తీసుకోదు. "ఆగవే, చేతులు భగభగమంటున్నాయి. నీ మొహానికి తగిలితే నువ్వూ ఏడుస్తావు," అంటుంది.

నాన్న దాచేపల్లి దగ్గర సున్నపురాయి గనిలో పని చేస్తాడు. నెలకోసారి వస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు మొక్కల పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇవన్నీ నువ్వొక్కదానివే పెంచావా? ఈసారి వచ్చేసరికి కూర తినిపించాలి మరి. గనిలో అందరికీ చెప్పుకుంటా," అన్నాడు.

ఆ మాట కరీమున్ నెల రోజులు మనసులో దాచుకుంది. నాన్న రేపు పొద్దున బస్సుకి వస్తాడు.

అసలు ఆ దుంపల విత్తనం పక్కింటి హుస్సేన్ సాహెబ్ ఇచ్చిందే. ఆయన ఒకప్పుడు బెంగుళూరు మిలిటరీలో వంటవాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. చలికాలం మొదట్లో మొలకలొచ్చిన దుంపలు నాలుగు ఆమె చేతిలో పెట్టాడు.

"ముక్కకో మొలక ఉండేట్టు కోసి పాతు. మన నల్లమట్టి బిగుసుకుపోతుంది, వాగు ఇసక కలుపుకో. తవ్వేటప్పుడు నన్ను పిలువు తల్లీ. ఒక మాట చెప్పాలి," అన్నాడు.

సాహెబ్ తాత ఒక మాట అంటే గంట పడుతుందని వీధిలో పిల్లలందరికీ తెలుసు.

తొమ్మిది రోజుల కిందట కరీమున్ ఆయన్ని పిలవకుండానే తవ్వేసింది. ఆయన వస్తే సాయం చేస్తాడు. అప్పుడు అవి తనొక్కదాని దుంపలు కావు. ఆ సాయంత్రం ఆయన గోడ మీద నుంచి తల పెట్టి, "తవ్వావా తల్లీ?" అని అడిగాడు.

"ఇంకా లేదు తాతా," అంది కరీమున్.

"సరే," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో పంట ఏదైనా ముందు ఎండలో పడాల్సిందే. మిరపకాయలైనా, కందులైనా ఎండకపోతే బూజు పడతాయి. కరీమున్ కూడా తాతకి కనపడని మూలన దుంపల్ని ఎండబెట్టింది. నాలుగో రోజుకి వాటి తొక్క మీద ఆకుపచ్చ రంగు వచ్చింది. దోర మిరపకాయలు ఎండలోనే కదా ఎర్రబడతాయి. ఇవి కూడా ఇంకా ఎండాలి కాబోలు అనుకుంది. ఇప్పుడు చూస్తే మరీ పచ్చగా అయ్యాయి.

చాలాసేపు మంచం పక్కనే నిలబడింది. చివరికి ఒక దుంప తీసుకుని పక్కింటికి వెళ్ళింది.

హుస్సేన్ సాహెబ్ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాడు. దుంపని అందుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళు ఎండబెట్టావు?"

"తొమ్మిది రోజులు."

"మిరపకాయకి ఎండ కావాలి. దీనికి చీకటి కావాలి తల్లీ. పచ్చబడింది తింటే వాంతులవుతాయి."

"ఇప్పుడు నీడలో పెడితే?"

"లాభం లేదు."

కరీమున్ కిందికి చూస్తూ నిలబడింది. "తాతా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను," అంది.

"తెలుసు. తవ్విన మట్టి గోడ మీద నుంచి కనపడింది. దుంపలు లోపల పెట్టావనుకున్నా."

"మరి అప్పుడే అడగలేదేం?"

ఆయన బియ్యంలోంచి ఇంకో రాయి ఏరి పక్కన పడేశాడు. "పిలుస్తావేమోనని చూశాను," అన్నాడు.

ఆయన చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"పద. ఒక్క దుంప కూడా వదలకుండా తవ్వినవాణ్ణి నేనింతవరకూ చూడలా. మిలిటరీలోనే లేడు, నువ్వెంత?"

ఇద్దరూ మట్టిలో చేతులు పెట్టి వెతికారు. ఆయన నెమ్మదిగా వెతికాడు, నెమ్మదిగా మాట్లాడాడు. బెంగుళూరు చలి గురించి, బస్తాలకు బస్తాలు తొక్క తీసిన రోజుల గురించి. కరీమున్ మధ్యలో లేచిపోలేదు. పొద్దు వాలేసరికి నాలుగు దుంపలు దొరికాయి. చిన్నవి, నిమ్మకాయలంత. కానీ తెల్లగా ఉన్నాయి. వాటిని గోనెపట్టాలో చుట్టి ఇంట్లో మూలన పెట్టింది. పచ్చబడినవన్నీ గుంట తీసి పూడ్చేసింది.

మర్నాడు అమ్మ పనికి వెళ్ళలేదు. నాలుగు దుంపలతో పులుసు పెట్టింది. నాన్న కంచం ముందు కూర్చుని వాసన పీల్చాడు.

"ఎంత పండింది?"

"చాలా పండింది నాయనా. ఎండబెట్టి పాడు చేశాను. ఇవే మిగిలాయి."

నాన్న గరిటెతో ఒక దుంప పైకి తీసి చూశాడు. "పోనీలే. నాలుగైనా నువ్వొక్కదానివే పండించావు కదా?"

కరీమున్ లేచింది. తలుపు పక్కన బోర్లించిన కంచాల్లోంచి ఒకటి తీసి కడిగింది. నాన్న కంచం పక్కన పెట్టింది.

"ఒక్కదాన్నే కాదు," అంది. "నేను వచ్చేదాకా తినకండి. తాతని పిలుచుకొస్తాను."