పంపకముందే అందిన సందేశం

ఆ సందేశం పంపడానికి దాదాపు ఎనిమిది గంటల ముందే అందింది.

డ్యూటీలో ఉన్న ఆమె కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. తెర మీద స్పష్టంగా ఉంది. పంపింది పద్నాలుగూ పదికి, అంటే మధ్యాహ్నం రెండూ పదికి. అందింది ఉదయం ఆరూ పదకొండుకి.

ఓడల కంట్రోల్ రూమ్ గోడకి రెండు గడియారాలు. నల్లది ఊరి టైమ్, పదకొండూ నలభై ఒకటి. ఎర్రది ప్రపంచమంతటికీ కలిపి ఒకటే టైమ్, ఆరూ పదకొండు. లాగ్‌లో రాయాల్సింది ఎర్రదే. ఎవరి ఊరి టైమ్ వాళ్ళు రాస్తూ పోతే, ఆపదలో ఉన్న ఓడని అది ఎప్పుడో దాటిపోయిన నీళ్ళలో వెతకాల్సొస్తుంది.

సముద్రం అవతల, ఎర్ర గడియారానికి ఎనిమిది గంటలు ముందుండే తూర్పు స్టేషన్ ఆపరేటర్ మళ్ళీ తన ఊరి గడియారం చూసి రాశాడు. ఈ నెలలో మూడోసారి. మూడు తప్పులైతే రేడియో సీటు పోతుంది.

సీటు పోతే ఫోన్‌లో వినే ఆయన గొంతూ పోతుంది.

"మళ్ళీ ఆయనేనా అమ్మాయ్?" కంట్రోల్ రూమ్ చీఫ్ తప్పులు రాసే రిపోర్ట్ కాగితం పట్టుకుని వచ్చాడు. "స్పీకర్ పెట్టి ఫోన్ చెయ్. నేనూ వింటా."

"ఒక్క నిమిషం సార్."

లాగ్ వెనక్కి తిప్పింది. ఆయన పంపిన ఓడల సందేశాలు నలభై. ఒక్కదానిలోనూ నిమిషం తేడా లేదు. తప్పినవి మూడూ రోజువారీ టెస్ట్ సందేశాలు. మూడూ ఆమె డ్యూటీలోనే.

చెవులు వేడెక్కాయి. ఫోన్ కలిపింది.

"నమస్తే మేడమ్. మళ్ళీ తప్పు రాశానా?" ఆ గొంతులో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు.

"నలభై ఓడలకి రాని పొరపాటు నా దగ్గరికే ఎందుకొస్తోందండీ? చీఫ్ గారు పక్కనే వింటున్నారు. నిజం చెబుతారా, రిపోర్ట్ రాసెయ్యమంటారా?"

అటు నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు.

"కావాలనే రాశాను సార్. మొదటిసారి మాత్రం నిజంగా పొరపాటే. మేడమ్ ఫోన్ చేసి పావుగంట చీవాట్లు పెట్టారు. అన్నీ సరిగ్గా ఉంటే ఆవిడ ఫోన్ చెయ్యరు కదా. ఆ పావుగంట మళ్ళీ కావాలనిపించింది."

చీఫ్ రిపోర్ట్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "ఇంకేమైనా దాచావా నాయనా?"

"దాచాను సార్. నా చేతి వాచీ నెల్రోజులుగా మీ నల్ల గడియారం టైమ్‌కే తిరుగుతోంది. శనివారం లీవు పెట్టాను. విమానం మీ ఊళ్ళో దిగేది ఎర్ర గడియారంలో నాలుగున్నరకి. అంటే మేడమ్‌కి ఉదయం పది. ఈ ఒక్కటీ మాత్రం ముమ్మాటికీ సరిచూసే చెబుతున్నాను."