అత్తగారి పేరుకు బంగారు రంగు

ఉదయం ఎనిమిదింటికే, చైనీయులూ తమిళులూ కలిసి బతికే ఇపో పట్నంలో ఎండ చుర్రుమంటోంది. స్యూ లాన్ కాఫీ వడకడుతుంటే సినిమా వాళ్ళ మనిషి వచ్చి ఒక సంచి ఇచ్చి వెళ్ళాడు. భర్త గుణరత్నం వేసుకోవలసిన బట్టలట. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరైన ఆ పెద్దమనిషి వారం రోజులుగా జుట్టుకు రంగేసుకుని అద్దం వదలడం లేదు. కూతురు యమున రాసిన సినిమా మరి! రిటైరైన మొగుడూ పెళ్ళాల కథ, అచ్చంగా వీళ్ళిద్దరిదే. అందులో భర్త వేషం ఈయనకేనని స్యూ లాన్ నమ్మకం.

స్యూ లాన్ సంచి విప్పి ఒక్కొక్కటీ బయటికి తీసింది. ఖాకీ చొక్కా, లాఠీ, ఈల. కాపలావాడి వేషం!

“యమునా! ఇటు రా. మీ నాన్న స్టేషన్ మాస్టరా, గేటు దగ్గర ఈల ఊదేవాడా?”

యమున తల వంచుకుంది. “నిర్మాత ఒప్పుకోలేదమ్మా. భార్య చైనీస్, భర్త తమిళుడు అంటే జనం తికమకపడతారట. ఇద్దర్నీ చైనీస్ వాళ్ళనే చేశాను. నాన్నకు కనీసం చిన్న వేషమైనా...”

“తల ఊపుతూ జనాన్ని నవ్వించే తమిళుడి వేషమా? సిగ్గు లేదుటే! ముప్పై ఎనిమిదేళ్ళు నాతో కాపురం చేసిన మనిషిని నా గేటు బయట నిలబెడతావా?”

“సినిమా ఆగితే ఆరేళ్ళ కష్టం మట్టి కొట్టుకుపోతుందమ్మా!”

స్యూ లాన్ కుర్చీలో కూలబడింది. “సమాధి ఘట్టం ఉంచావా?”

“ఉంచాను. అందరికీ నచ్చింది అదేగా.”

చైనీస్ పెళ్ళిలో కొత్త అల్లుడు అందించే టీ పెద్దలు తాగితే అతన్ని ఒప్పుకున్నట్టు. స్యూ లాన్ తండ్రి ఈ అల్లుడి చేతి టీ ముట్టలేదు. ముట్టకుండానే పోయాడు. మరుసటి ఏడు, సమాధులు శుభ్రం చేసే పండుగనాడు గుణరత్నం తనంతట తానే కుంచె పట్టి మామగారి సమాధి రాతి మీది అక్షరాలకు రంగు వేశాడు. పోయినవారి పేరుకు బంగారు రంగు, బతికున్నవారికి ఎరుపు. ఆ సంగతి తెలియక, పక్కనే ముందుగా చెక్కించి ఉంచిన అత్తగారి పేరుకూ బంగారు రంగే పూసేశాడు. “ఓరి నాయనో, నన్నూ పంపించేశాడు!” అని గుండెలు బాదుకున్న ఆవిడ అంతలోనే పకపకా నవ్వింది. అల్లుడితో ఆవిడ మాట్లాడటం ఆనాడే మొదలు.

“చైనీస్ అల్లుడెవడైనా ఆ తప్పు చేస్తాడుటే?” అంది స్యూ లాన్. “పోయినేడు మా అమ్మ పేరుకు నిజంగానే బంగారు రంగు వేస్తూ, కుంచె నిలవక ఏడ్చింది ఈయనే. ఆయన్ని తీసేశాక ఇంకేం మిగిలిందని నీ కథలో?”

యమున ఖాకీ చొక్కా మడతపెట్టసాగింది.

ఇంతలో గుణరత్నం వచ్చి ఈల మెడలో వేసుకున్నాడు. “బాగుందే!”

“నాన్నా, అది...”

“తెలుసులేవే. నీ కాగితాలు పోయిన వారమే చదివాను. బిడ్డ సినిమా బయటికి వస్తుందంటే గేటు తెరవనూ?”

“మరి జుట్టుకు రంగెందుకయ్యా?” అంది స్యూ లాన్ కళ్ళు తుడుచుకుంటూ.

“కాపలావాడు అందంగా ఉండకూడదా?”

యమున తండ్రిని పట్టుకుని బావురుమంది. ముక్కు తుడుచుకుని అప్పటికప్పుడే నిర్మాతకు ఫోన్ చేసింది. “మా నాన్న లేకపోతే సమాధి ఘట్టానికి అర్థమే లేదు సార్. ఆ తప్పు చైనీస్ అల్లుడు చెయ్యడు. ఆయన్ని వద్దంటే కథ నేను వెనక్కి తీసుకుంటాను.” ఆ ఘట్టం లేకపోతే సినిమాయే లేదని నిర్మాతకూ తెలుసు. స్యూ లాన్ ఫోన్ దగ్గరికి చెవి ఆనించింది. తర్వాత ఫోన్‌లోంచి నవ్వు వినిపించింది.

“ఒప్పుకున్నాడమ్మా! రేపు నాన్ననే భర్త వేషం కట్టి చూపించమన్నాడు!”

హమ్మయ్య! స్యూ లాన్ గుండెల మీంచి బరువు దిగిపోయింది.

గుణరత్నం ఈల తీసి బల్ల మీద పెట్టాడు. “మరి గేటు దగ్గరెవరు?”

“ఆ నిర్మాతే నిలబడతాడు!” అంటూ స్యూ లాన్ కాఫీ కప్పును, పెళ్ళిలో పెద్దలకు టీ అందించినట్టు, రెండు చేతులతో అందించింది. “తాగు. ఈ ఇంట్లో నీ వేషం ఎవడూ మార్చలేడు.”