మూడో అంతస్తులో పచ్చచుక్క

ఆ మూడో అంతస్తు ఫ్లాట్ మంచిది కాదని వీధంతా చెప్పుకునేవాళ్లట. పార్సిళ్లు తెచ్చేవాళ్లు మెట్ల దగ్గరే పడేసి వెళ్లిపోయేవాళ్లు. లోపల మనిషి అలికిడి ఉండదు... కానీ రాత్రీ పగలూ ఒకటే చప్పుడు. సర్ర్... టక్. సర్ర్... టక్.

అక్కడికి వెళ్లొచ్చింది మా బావ. టీవీలో వాతావరణం చదివినట్టు, ఏ భావమూ లేకుండా నాకు చెప్పాడు.

బావ ఇంట్లో కూర్చునే పదకొండు మందితో పని చేయిస్తాడు. వాళ్లూ ఎవరిళ్లలో వాళ్లే. ఆయన స్క్రీన్ మీద ఒక్కొక్కరికీ ఒక చుక్క. పని చేస్తుంటే పచ్చ. పది నిమిషాలు మౌస్ మీద చెయ్యి కదలకపోతే పసుపు. పసుపైతే "ఎక్కడున్నారు?" అని అడగాలి.

"మీరు కాసేది మనుషుల్ని కాదు, చుక్కల్ని" అని మా అక్క వెక్కిరించేది. ఆయనకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఈ పనిలో చేరిన నాలుగేళ్లుగా ఆయనకి ఏదీ వచ్చేది కాదు.

ఆ పదకొండు మందిలో ఒకమ్మాయి ఉంది. అందరూ సైలెంటు అంటారు. మీటింగుల్లో ఫోన్‌లో గొంతు వినబడడమే తప్ప మొహం కనబడదు. ఐదు వారాలుగా ఆ అమ్మాయి చుక్క పసుపు కాలేదు. ఎంత కష్టపడుతోందో చూడండని బావ అందరిముందూ మెచ్చుకున్నాడు కూడా.

అనుమానం పైవాళ్లకి వచ్చింది. "తెల్లారి మూడింటికి కూడా పచ్చగానే ఉంటోందేంటయ్యా... అసలు మనిషేనా? వెళ్లి చూసిరా. లేకపోతే పేరు తీసెయ్."

బావ వెళ్లేసరికి రాత్రి ఎనిమిది. తాళంచెవి ఇచ్చిన ఇంటి ఓనరావిడ రెండో అంతస్తు దాటి రానంది.

"ఆ పిల్ల కనబడి ఐదు వారాలైంది బాబూ..." అంది గుసగుసగా. "తెల్లవారుజామున మాత్రం మెట్ల మీద అడుగులు. వస్తాయి... పోతాయి. నేను తలుపు తీయను."

బావ తలుపు తీశాడు. చీకటి. టేబుల్ మీద లాప్‌టాప్ వెలుగు. ఆ వెలుగులో —

మౌస్ కదులుతోంది.

పక్కకి జరిగింది... ఆగింది... వెనక్కి వచ్చింది. దాని మీద చెయ్యి లేదు.

బావ గబుక్కున దాన్ని పట్టుకుని లాగాడు. పుటుక్కున ఏదో తెగింది. చప్పుడు ఆగిపోయింది.

లైటు వేసి చూస్తే టేబుల్ ఫ్యాను. తల అటూ ఇటూ తిప్పుతోంది. దాని జాలీకి కట్టిన దారం తెగి వేలాడుతోంది. దారం రెండో కొస మౌస్‌కి ఉంది; దారం వదులైతే మౌస్ వైరే దాన్ని వెనక్కి లాగుతుంది. ఓస్, ఇంతేనా అనుకున్నాడు బావ. అక్కణ్ణుంచే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"సార్, మెల్లిగా..." అంది ఆ అమ్మాయి. "చెల్లి ఇప్పుడే పడుకుంది."

"ఎక్కడున్నావమ్మా?"

"అమ్మవాళ్లింట్లో సార్. చెల్లికి ఎనిమిదేళ్లు. నేను పక్కన లేకపోతే నిద్రపోదు. ఆఫీసు లాప్‌టాప్ ఇల్లు దాటించకూడదన్నారు కదా... రోజూ తెల్లవారుజామున ఫ్లాట్‌కి వెళ్లి పని చేసి వస్తున్నా. ఒక్క పనీ ఆపలేదు సార్."

"మరి మీ అమ్మగారు?"



"చెప్పాను కదా సార్... ఆ రోజే మెసేజ్ పెట్టాను."

బావ ఫోన్‌లో వెనక్కి, వెనక్కి జరిపాడు. ఐదు వారాల కింద, పన్నెండూ నాలుక్కి — "సార్, అమ్మ పొద్దున పోయింది. కొన్నాళ్లు రాలేను."

దాని కింద 'సరే' అన్నట్టు బావ పెట్టిన బొటనవేలి బొమ్మ. చదవకుండానే పెట్టాడు. అన్నిటికీ పెట్టినట్టే.

ఆ కింద, పన్నెండున్నరకి, మళ్లీ బావే — "పసుపైంది. ఎక్కడున్నారు?"

దానికి ఆ అమ్మాయి జవాబు — "ఉన్నాను సార్."

"సార్..." ఫోన్‌లో ఆ అమ్మాయి అడిగింది. "నా ఉద్యోగం?"

"పడుకోమ్మా" అని బావ ఫోన్ పెట్టేశాడు. అప్పుడే, ఎదురుగా లాప్‌టాప్‌లో ఆ అమ్మాయి పేరు పక్కన చుక్క పసుపైంది.

వెంటనే బావ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పైవాళ్లు. 'చూశావా? మనిషుందా?'

బావ లైటు తీసేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మౌస్ మీద కుడిచెయ్యి వేసి మెల్లగా పక్కకి జరిపాడు... ఆపాడు... వెనక్కి తెచ్చాడు. చుక్క పచ్చబడింది.

ఎడమచేత్తో జవాబు కొట్టాడు — 'ఉంది సార్. పని చేస్తోంది.'