పిన్ని గుమ్మానికి వైరు బెల్లు

బెల్లు మోగింది. తలుపు తీశాడు. చచ్చిపోయాడు.

మూడు దేశాల తుపాకుల్ని తప్పించుకుని, పెన్షన్ తీసుకుంటూ, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్న మనిషి కథ అంతటితో సరి. పోనీ ఆయన అజాగ్రత్త మనిషి అనుకుందాం. ఆయన ఒక గూఢచర్యం విచారణలో మొదటి సాక్షి. వారం తిరక్కుండా రెండో సాక్షి కూడా అలాగే పోయాడు. ఆయన మహా జాగ్రత్తపరుడు. గుమ్మానికి వీడియో డోర్‌బెల్ పెట్టించుకున్నాడు. ఆ డోర్‌బెల్ హత్యని దగ్గరుండి చూసింది గానీ, ఒక్క ముక్క రికార్డు చెయ్యలేదు.

"జామర్," అన్నారు చీఫ్, ఫైలు మీంచి తలెత్తకుండానే. ఆ గూఢచారి ఆఫీసులో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. "చంపినవాడి జేబులో ఉండి ఉంటుంది. ఆ బెల్లుకి కరెంటు వైరు ఉంది గానీ బొమ్మ మాత్రం వైఫైలో వెళ్ళేది. వైఫై పీక నొక్కితే ఇంకేం మిగుల్తుంది?"

ఎదురుగా కూర్చున్న ఏజెంటు ఆ ఫైలు వంకే చూస్తున్నాడు. అతన్ని తాబేలు అంటారు. ఏ పనైనా నింపాదిగా చేస్తాడని ఒకప్పుడు ముద్దుగా పెట్టిన పేరు. ఇప్పుడు ముద్దు పోయి పేరు మిగిలింది. మోకాళ్ళు అరిగిపోయాక ఫీల్డు డ్యూటీ నుంచి తీసి ట్రెయినింగ్ సెక్షన్‌లో పడేశారు. కొత్తవాళ్ళకి చెప్పిన పాఠమే చెప్పి చెప్పి గొంతు కూడా అరగదీసుకున్నాడు పాపం.

"మిగిలింది ఒక్క సాక్షి," అన్నారు పెద్దాయన. "మన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన ఆవిడ, అందరూ పిన్ని అంటారు. మన రహస్యాల్ని విదేశీ ముఠాకి అమ్ముతున్నవాడు మనలోనే ఉన్నాడు. వాడెవడో ఆవిడకి తెలుసట. రేపు పొద్దున విచారణ జడ్జి ముందు తప్ప ఎవరికీ చెప్పనని మొండికేసింది. అంతవరకూ ఆవిడ ప్రాణాలతో ఉండాలి."

"గార్డుల్ని ఇవ్వండి సార్."

"మనలోనే దొంగ ఉన్నాడంటుంటే మనవాళ్ళనే కాపలా పెట్టమంటావేమిటయ్యా?"

"మరి నేనో?"

పెద్దాయన అప్పుడు తలెత్తి చూశారు. "నిన్నెవడు కొంటాడయ్యా," అన్నారు.

అది మెచ్చుకోలో వెక్కిరింపో తాబేలుకి అంతుపట్టలేదు. ఏదైనా ఒకటేలే అనుకున్నాడు.

"ఎలక్ట్రీషియన్ వేషం వేసుకో. మంచి డోర్‌బెల్ చూసి బిగించు. లైవ్ నా ఫోన్‌కి కలుపు. నువ్వు లోపలే ఉండు. కోడ్‌వర్డ్ చెప్పినవాళ్ళకే తలుపు తియ్యి. 'గొడుగు మర్చిపోయారా' అని నువ్వు అడగాలి. 'వాన ఎప్పుడో వెలిసింది' అని జవాబు రావాలి."

గాడ్జెట్ సెక్షన్‌కి వెళ్తే తాళం వేసి ఉంది. నిధుల్లేక మూసేశారట. మన గూఢచారి గతి చూశారా, బజారున పడి బెల్లు బేరమాడుకోవాల్సి వచ్చింది.

షాపువాడు ముందు బ్యాటరీది చూపించాడు. "సార్, రెండు స్క్రూలు, అయిపోయింది."

"వద్దు. వైరుది కావాలి."

"ఇదిగో వైర్డ్. పాత బెల్లు వైర్లకే తగిలించుకోవచ్చు."

"బొమ్మ ఎలా వెళ్తుంది?"

"వైఫై సార్."

"చచ్చినట్టే," అన్నాడు తాబేలు. షాపువాడు బిక్కమొహం వేశాడు. "ఒకే కేబుల్లో కరెంటూ బొమ్మా రెండూ వెళ్ళాలి. రికార్డరు ఇంట్లోనే ఉండాలి. తల నుంచి గడప దాకా కనపడాలి. ఉందా?"

షాపువాడు గొణుక్కుంటూ పై అటక మీంచి దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె ఒకటి దించాడు. ఇది ఎవరూ కొనరు సార్, గోడ తొలవాలి, చాకిరీ ఎక్కువ అన్నాడు. తాబేలు పెట్టెని చంకలో పెట్టుకున్నాడు.

"ఏం తాబేలూ, గోడలకి కన్నాలు వేసే పనిలో దిగావా?"

వెనక్కి తిరక్కుండానే ఆ గొంతు ఎవరిదో తెలిసింది. నెమలి. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, నలుగురూ తిరిగి చూసేంత అందం. ముఠాలో చేరి వాళ్ళ గుట్టు మనకి చేరవేస్తున్న డబుల్ ఏజెంటు. ఒకప్పుడు అతని క్లాసులో ముందు బెంచీలో కూర్చునేది. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ మాట ఇంతవరకూ పైకి అనలేదు, ఇకముందు అనే ఆశా లేదు.

"నువ్విక్కడ కనపడకూడదు," అన్నాడు.

"చెప్పిపోదామని వచ్చాను. ముఠా ఇవాళే పని ముగిస్తుంది, చీకటి పడేలోపే. ఆ ఇంటికి వెనక తలుపు ఉందా?"

"లేదు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఆమె అప్పటికే జనంలో కలిసిపోయింది.

పిన్ని ఇల్లు మెట్లెక్కాక ఎడమ చేతివైపు మొదటి గుమ్మం. ఆవిడ ఒక కంటికి ఆపరేషనై కట్టు కట్టి ఉంది. రెండో కన్నుతో అతన్ని ఎగాదిగా చూసి, లోపలికి రానిచ్చి, కుర్చీ లాక్కుని డ్రిల్లు పక్కనే కూర్చుంది.

"కన్నం అలా ఏటవాలుగా పెడుతున్నావేం నాయనా?"

"బయటికి వాలుగా ఉంటే వాన నీళ్ళు లోపలికి రావు పిన్నీ."

"ఊఁ. పని వచ్చినట్టే ఉంది."

తాబేలు కేబుల్ లాగాడు. ఎనిమిది సన్నటి తీగల్ని రంగుల వరసలో పేర్చి కనెక్టర్‌లోకి దూర్చి నొక్కాడు. ఒక్క రంగు అటూ ఇటూ అయితే మొత్తం చాకిరీ బూడిదలో పోసినట్టే. రికార్డర్ని హాల్లో మానిటరు కింద పెట్టాడు. దాన్ని రూటరుకీ, రూటరుని వీధిలోంచి వచ్చే ఇంటర్నెట్ తీగకీ, అన్నీ కేబుల్‌తోనే కలిపాడు. బెల్లుని ఛాతీ ఎత్తున బిగించాడు. టోపీ కిందికి లాక్కుని వచ్చేవాడి మొహం పై నుంచి చూస్తే కనపడదు, కింద నుంచి చూస్తే కనపడుతుంది.

"ముప్పై ఏళ్ళు అందరి మాటలూ విన్నాను," అంది పిన్ని కాఫీ ఇస్తూ. "నాతో మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. కలపండి, పెట్టేయండి, అంతే."

"ఆ దొంగెవడో నాకైనా చెప్పొచ్చుగా పిన్నీ?"

"కాఫీ చల్లారిపోతుంది."

ఆవిడ ఫోన్ మాత్రం క్షణం ఊరుకోవడం లేదు. రిటైరైన ఆపరేటర్ల గ్రూపట. పొద్దున్నించీ పలకరింపులు, పూల బొమ్మలు, మోకాళ్ళ నొప్పులకి మందులు. తాబేలు ఆ ఫోన్లో కూడా యాప్ పెట్టి గుమ్మం బొమ్మ కనిపించేలా చేశాడు. "ఈ షేర్ బటన్ నొక్కితే ఇంకొకళ్ళకి కూడా లైవ్ వెళ్ళిపోతుంది, ముట్టుకోకండి," అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

పొద్దు వాలింది. కొరియరు మనిషి ఒకడొచ్చి బొటనవేలితో బెల్లు నొక్కాడు. పక్కింటివాళ్ళ పార్శిల్. తాబేలు స్పీకర్లోంచే పంపించేశాడు. మోకాళ్ళు సలుపుతున్నాయి. రేపు పిన్ని చెప్తుంది, విచారణ నడుస్తుంది, వాయిదా పడుతుంది, ఫైలు ఎక్కడో అడుగున పడిపోతుంది. ఇలాంటివి చాలా చూశాడు. అయినా పిన్ని బతికుంటే చాలు. ఈ ఒక్క పనీ చెడకుండా ఉంటే చాలు.

పెద్దాయన ఫోన్ చేశారు. "ఆస్పత్రి నుంచి నర్సు వస్తోందయ్యా. ఆవిడ కంట్లో చుక్కలు వెయ్యాలి. కోడ్ నేనే ఇచ్చాను. ఆ పిల్ల మన ఆఫీసు గడప కూడా తొక్కలేదు. అనవసరంగా బెదరగొట్టక తలుపు తియ్యి."

"అలాగే సార్."

అన్నంతలోనే బెల్లు మోగింది. మానిటర్లో తెల్ల యూనిఫాం, టోపీ, మాస్కు, చేతిలో మందుల పెట్టె. అదే క్షణంలో తాబేలు సెల్‌ఫోన్లో సిగ్నల్ పోయింది. బెల్లు కెమెరాలో మాత్రం బొమ్మ చెక్కుచెదరలేదు.

"గొడుగు మర్చిపోయారా?"

"వాన ఎప్పుడో వెలిసింది." గొంతు బొంగురుగా ఉంది.

కోడ్ సరిపోయింది. ఆర్డరూ ఉంది. తాబేలు గడియ మీద చెయ్యి వేశాడు. వేసి, ఆగిపోయాడు.

ఆ నర్సు వేలి కొనతో నొక్కలేదు. నడిమి వేలు మడిచి కణుపుతో నొక్కింది.

ట్రెయినింగ్‌లో మొదటి రోజు మొదటి పాఠం అది. బెల్లు మీద వేలిముద్ర వదిలేవాడు గూఢచారి కాదు, చుట్టం అని మొదలుపెట్టి, మడిచిన వేలితో నొక్కడం అలవాటయ్యేదాకా బ్యాచి మొత్తాన్నీ రాచి రంపాన పెట్టేవాడు. నిద్రలో లేపి నొక్కమన్నా అలాగే నొక్కేవాళ్ళు. ఆఫీసు గడప తొక్కని ఆస్పత్రి పిల్లకి ఈ పాఠం ఎవరు చెప్పారు? ఇంకెవరు, తనే చెప్పాడు. తన క్లాసులో కూర్చుని, ఇవాళ వెనక తలుపు సంగతి అడిగింది ఒక్కతే.

తాబేలు గడియ మీంచి చెయ్యి తీసేశాడు. నర్సు అబద్ధమైతే, ఆ అబద్ధం చెప్పిన పెద్దాయన మాటేమిటి?

"మాస్కు తియ్యి, నెమలీ."

మానిటర్లో మాస్కు దిగింది. బొంగురు గొంతు కూడా పోయింది.

"కోడ్ చెప్పానుగా. తలుపు తియ్యి."

"ఎవరు పంపారు?"

"నిన్ను పంపినవాడే."

"పెద్దాయనా?"

"ఇప్పుడు తెలిసిందా? మన గుట్టంతా అమ్ముకుంటోంది ఆయనే. ఆ ఇద్దరినీ చంపించిందీ ఆయనే. ఎదురు ప్రశ్న వెయ్యవని నిన్ను ఏరి మరీ పెట్టాడు. పని కాగానే నేరం నీ నెత్తిన పడుతుంది." ఆమె మందుల పెట్టెలోంచి సైలెన్సర్ బిగించిన పిస్తోలు తీసి తాళం మీద ఆనించింది. "తలుపు తీస్తే నిన్ను వదిలేస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది."

"ఇదంతా రికార్డవుతోంది."

"అవనీ. లోపలికొచ్చాక రికార్డరు పట్టుకుపోతాను. లైవ్ చూస్తున్నది ఒక్క పెద్దాయనేగా? నీ సెల్ పనిచెయ్యదు. వెనక తలుపు లేదని నువ్వే చెప్పావు."

అన్నీ నిజాలే. ఇన్నేళ్ళ సర్వీసులో తాబేలుకి ఎవరూ ఇంత నిజం చెప్పలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. చేతిలో స్క్రూడ్రైవరు తప్ప ఏమీ లేదు. తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాడు. ఈ తలుపు ఎంతసేపు ఆగుతుందో తనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"మూడు లెక్కపెడతాను," అంది నెమలి. "ఒకటి. రెండు."

ల్యాండ్‌లైన్ మోగింది.

గోడలోంచి తీగ వచ్చే పాతకాలం ఫోను. జామరు దాన్ని ఏం చేస్తుంది? పిన్ని నింపాదిగా రిసీవరు ఎత్తింది. అటునుంచి ఏదో పెద్దావిడ గొంతు గదంతా వినపడేలా అడిగింది. "ఏమే, మీ గుమ్మంలో ఆ పిస్తోలు పిల్ల ఎవరే? నిన్ను చంపడానికి వచ్చిందటే? గ్రూపులో అందరం చూస్తున్నాం. మాటలు కూడా బాగా వినపడుతున్నాయి."

తాబేలు పిన్ని సెల్‌ఫోన్ వంక చూశాడు. ముట్టుకోవద్దన్న షేర్ బటన్‌ని పిన్ని మధ్యాహ్నమే నొక్కేసింది. గ్రూపు మొత్తానికి.

పిన్ని రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుని, మానిటరు మైకులో మాట్లాడింది. లైన్లో కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతు అది, మర్యాదగా, గట్టిగా. "అమ్మాయ్, డెబ్భై మంది ఆపరేటర్లం చూస్తున్నాం. నీ మొహం చూశాం, నువ్వన్న పెద్దాయన పేరూ విన్నాం. ఒకావిడ విచారణ జడ్జిగారింటికి లైను కలిపింది. ఇంకొకావిడ పోలీసులకి కలిపింది. ఇక నన్ను చంపినా నీకు ఒరిగేదేమీ లేదు. నీ ఇష్టం."

మూడు అన్న మాట రాలేదు.

నెమలి పిస్తోలు దించింది. కెమెరా వంక చాలాసేపు చూసింది. "తాబేలూ, నువ్వు తలుపు తీసుంటే నిన్ను నిజంగానే వదిలేసేదాన్ని," అంది.

"నేను తియ్యనని నీకు తెలియదా?"

"తీస్తావనే అనుకున్నాను."

మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెళ్ళకుండానే ఎదురుగా పోలీసు జీపు ఆగడం, ఆమె చేతులు పైకెత్తడం మానిటరు మూలన చిన్నగా కనిపించాయి. తాబేలు అది చూడలేక పక్కకి తిరిగాడు. యాప్‌లో లైవ్ చూస్తున్నవాళ్ళ పేర్లలోంచి ఒక పేరు మాయమైంది. పెద్దాయన ఫోన్ ఆపేశాడు. ఎక్కడికి పారిపోతాడో, ఎవరు దాస్తారో, ఎన్నాళ్ళకి దొరుకుతాడో, అసలు దొరుకుతాడో లేదో.

తాబేలు కుర్చీలో కూలబడ్డాడు. "అంటే మీకు తెలిసిన పేరు కూడా ఆయనదేనా పిన్నీ?"

"ఆయనదే. రిటైరయ్యే ముందు ఆయన ముఠాతో మాట్లాడిన ఫోన్లు నేనే కలిపాను. గొంతు మర్చిపోతానా?"

"మరి పొద్దున్నించీ నాకెందుకు చెప్పలేదు?"

పిన్ని కట్టు లేని కన్నుతో అతన్ని జాలిగా చూసింది. "నిన్ను పంపింది ఆయనే కదా నాయనా. నన్ను చంపడానికి వచ్చావనే అనుకున్నాను. నువ్వు ఏం చేసినా నలుగురి కంట్లో పడాలని బెల్లు అందరికీ కలిపాను."

పొద్దున్నించీ ఆవిడ కాఫీ ఇచ్చింది, కబుర్లు చెప్పింది. ఆ సేపంతా అతని చేతిలో చావు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి సంపాదించుకున్న నమ్మకం ఇదీ.

"ఇప్పుడైనా నమ్మకం కుదిరిందా పిన్నీ?"

ఆవిడ న్యాయంగా ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది.

"మంచివాడిలాగే ఉన్నావు," అంది. "అయినా రేపు జడ్జిగారి ముందు చెప్పిందాకా ఆగుదాం. నేను లోపల గడియ పెట్టుకుంటాను. నువ్వు బయట కూర్చో."

తాబేలు లేచాడు. పనిముట్ల సంచి తీసుకుని బయటికి నడిచాడు. వెనకాల గడియ పడింది. ఆ పైన గొలుసు కూడా పడింది. గుమ్మం ముందు మెట్టు మీద చతికిలబడి మోకాళ్ళు రాసుకుంటుంటే, పక్కన స్పీకరు గరగరమంది.

"నాయనా, అలా కదలకు. నువ్వు కదిలినప్పుడల్లా డెబ్భై మంది ఫోన్లలోనూ గంట మోగుతోందట."