మలుపులో పెద్దిరాజు

పెద్దిరాజు తాగి లారీతో సహా కాలువలో పడ్డాడని చెప్పినవాళ్లంతా ఒక్కసారి తలెత్తండి. కేబిన్‌లో దొరికిన యానాం మందు సీసాకి సీలు కూడా తియ్యలేదని మీలో చూసినవాళ్లున్నారు. ఆ సీసా ఎవరు తెమ్మంటే తెచ్చాడో తెలిసినవాళ్లూ ఉన్నారు. అయినా ఒక్కరు నోరు విప్పలేదు. పోయినవాణ్ని ముందు తాగుబోతును చేశారు. అది చాలక, వానల్లో కాలువ గట్టు మీద అదే మలుపులో ఓ ట్రాక్టరు తొట్టి జారితే దయ్యాన్ని చేశారు. పెద్దిరాజు బళ్లను లాగుతున్నాడన్నారు. గట్టు పక్కన రొయ్యల చెరువులు చేసే బుల్లిరాజు తన ఖర్చుతో అక్కడో సిమెంటు గద్దె కట్టించి, ఎర్రగుడ్డ చుట్టించి, శాంతి చేయించాడు. మీరు కొబ్బరికాయలు కొట్టి, పసుపునీళ్లు పోసి, చేతులు దులుపుకున్నారు. ఆ ఇంట్లో ఓ కూతురుందనీ, ఇకమీదట ఆ లారీ తోలాల్సింది ఆ పిల్లేననీ ఎవరికీ పట్టలేదు.

ఆ పొద్దున వీరవేణి రోజూలాగే లేచి ఇనపరాడ్డుతో టైర్లు కొట్టి చూసుకుంది. గాలి సరిపోయిందో లేదో చప్పుడులోనే తెలుస్తుందని తండ్రి నేర్పాడు. దాళ్వా పంట ధాన్యం బస్తాలు ముందురోజే ఎక్కించి పైన టార్పాలిన్ కట్టారు. ఆకాశం మూసుకుని ఉంది. వాన పడేలోగా సరుకు మిల్లులో దింపాలి.

వంటింట్లోంచి తల్లి నాగరత్నం అరిటాకు పొట్లం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. అందులో ముద్దపప్పు, అన్నం. గద్దె మీద నాన్నకి పెట్టి దణ్ణం పెట్టుకోమంది. ఎప్పుడూ తనే నడిచి వెళ్లి పెట్టొచ్చేది. ఇవాళ కూతురికి ఇవ్వడానికి కారణముంది. చుట్టుదారిలో వంతెన పని మొదలుపెట్టి, లోడు బళ్లను ఆపేశారు. మిల్లుకి మిగిలింది కాలువ గట్టు దారొక్కటే.

లైసెన్సు చేతికొచ్చినప్పటి నుంచి వీరవేణి ఆ మలుపు దాటలేదు. రాజమండ్రి సందుల్లో లారీని గోడలకు తగలకుండా వెనక్కి తీసింది. హైవే మీద కంటైనర్ల పక్కన తొణక్కుండా తోలింది. ఆ మలుపు దగ్గర మాత్రం కాలు తనది కాకుండా పోతుంది. ఒకసారి ధైర్యం చేసి వెళితే, ఎర్రగుడ్డ కనబడగానే బ్రేకు మీద పాదం బిగుసుకుపోయి ఇంజను ఆగిపోయింది. ఖాళీగా ఉన్న పక్కసీటులోంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. అది నాన్న గొంతే. వెనకాల బళ్లవాళ్లు హారన్లు కొట్టి, చివరికి లారీని వెనక్కి తోలిపెట్టి నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వులు ఆమెను అంతగా బాధించలేదు. తనను భుజాలమీద మోసిన మనిషిని తలుచుకుంటేనే వెన్నులో చలి పుడుతోంది. ఆ సంగతి తల్లికి ఎలా చెప్పాలో తెలియలేదు.

టీ తాగే వేళకి చిన్నాన్న అమ్మిరాజు బైకు దిగాడు. లారీకి బేరం వచ్చిందని చెప్పాడు. మిల్లు యజమానిగారు కూడా కబురు పెట్టారనీ, ఇవాళ సరుకు చేరకపోతే ఈ ఇంటి బండిని ఇక పిలవరనీ అన్నాడు.

"చేరుస్తాను బాబాయ్," అంది వీరవేణి.

"ఎలా చేరుస్తావమ్మా? మలుపు దగ్గర బండి ఆగిపోద్ది, నువ్వు బిగుసుకుపోతావు. ఆడపిల్లవని కాదు నేననేది. వాడక్కడ కూచున్నాడు."

"వాడంటే ఎవరయ్యా?" నాగరత్నం గుమ్మంలోంచి అడిగింది.

అమ్మిరాజు తల దించుకున్నాడు. మనసులో ఉన్నది ఇక దాగలేదు. "వదినా, నాకు మాత్రం కడుపుమంట లేదా? అన్నయ్య ఆ పూట తాగకుండా ఉంటే ఈ మాటలన్నీ పడేవాళ్లమా? ఊరంతా అంటోంది."

"ఊరు సరే. నువ్వేమంటున్నావు? నీ పెళ్లిలో కూడా చుక్క ముట్టని మనిషి. ఆ సీసా బుల్లిరాజుగారు తెమ్మన్నారని నీకు తెలీదా?"

అతను బైకు తాళం వేళ్ల మధ్య తిప్పుతూ వాకిట్లోకి చూశాడు. చెరువుల మీద అతనికి పని ఇచ్చేది బుల్లిరాజే మరి.

వీరవేణి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. ఇవాళ మలుపు దాటలేకపోతే ఆ తాళం బాబాయే తీసుకోవచ్చు, బేరం కుదుర్చుకోవచ్చు అంది. తరవాత అదే తాళం చేతిలోకి తీసుకుని లారీ ఎక్కింది. నాగరత్నం చీరకొంగు బిగించి పక్కసీట్లో కూచుంది. ఆ సీట్లో మనిషి ఉండటం వీరవేణికి ఎంత ఊరటో తల్లికి తెలియదు. అమ్మిరాజు బైకు మీద వెనకాలే వచ్చాడు.

గట్టు ఎక్కాక ఎడమవైపు కాలువ, కుడివైపు చెరువులు. బస్తాల బరువుకి బండి మెల్లగా ఊగుతోంది. ఎర్రగుడ్డ కనబడింది. పాదం మళ్లీ బిగిసింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగింది.

"నేను దిగి ముందు నడుస్తా. క్లీనరు లేని బండికి ఎవరో ఒకరు నడవాలిగా," అంది నాగరత్నం. ముందు మొగుడికి ముద్ద పెట్టాలని గద్దె దగ్గరకి వెళ్లింది. వంగబోయేసరికి కాలు చీలమండదాకా దిగబడిపోయింది.

ఆమె కాలు పైకి లాక్కుని, బురదను చూస్తూ నిలబడింది. వారాలుగా వాన చినుకు లేదు. పసుపునీళ్లకి ఇంత బురద కాదు.

"అమ్మిరాజూ, ఇలా రా. ఆ రాడ్డు పట్రా."

అతను ఇనపరాడ్డు గద్దె పక్కన గుచ్చాడు. అడ్డులేకుండా సగందాకా దిగింది. ఇంకోచోట గుచ్చితే టక్కుమని తగిలింది. చేతులతో మట్టి తోడాడు. నల్లటి పైపు బయటపడింది, అతుకు దగ్గర నీళ్లు బుసబుసమంటూ ఊరుతున్నాయి. కాలువలోంచి చెరువులోకి గట్టు కింద వేసిన దొంగపైపు. దాని చుట్టూ మట్టి కొట్టుకుపోయి, కాలువ అంచంతా లోపల డొల్లయి ఉంది. ఆ డొల్లమీదే గద్దె, గద్దె మీదే కొబ్బరిచిప్పలు.

అమ్మిరాజు ఆ అతుకును చేత్తో మూసి పట్టుకున్నాడు. "ఇది అన్నయ్య పోయిన వారంలోనే వేశారు వదినా. నేను చూశాను. తవ్వి, పైన మట్టి పోసి వదిలేశారు. మట్టి గట్టిపడేలా దిమ్మిస కూడా కొట్టలేదు. చూసి కూడా తాగి పడ్డాడనుకున్నాను. కాదు, అన్నాను. నా నోటితో నేనే అన్నాను." బురద చేతులతోనే మొహం కప్పుకుని అన్నయ్యా అని ఏడ్చాడు.

వీరవేణి లారీ దిగి వచ్చింది. పైపును చూసింది. ఎదురుబండికి దారివ్వడానికి నాన్న కొంచెం కాలువవైపు తిప్పి ఉంటాడు. అంతే జరిగి ఉంటుంది. నిద్ర కాదు, మందు కాదు, ఎవరూ లాగలేదు. కాళ్లకింద నేల లేకుండా చేశారు.

"అమ్మా, నేను నాన్నని చూసి భయపడ్డానే. ఇన్నాళ్లూ."

నాగరత్నం కూతుర్ని దగ్గరకు లాక్కుంది. "నేనేం చేశాననుకున్నావు? నిన్ను తీసుకుపోవద్దని రోజూ ముద్ద పెట్టి బతిమాలుకున్నాను. నా మొగుణ్ని నేనే దయ్యమనుకున్నాను." తల్లీకూతుళ్లు ఆ గట్టుమీదే కరువుతీరా ఏడ్చారు. మనిషి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు సిగ్గు అడ్డమొచ్చింది.

తరవాత వీరవేణి లారీ ఎక్కింది. గద్దె వైపు చూడలేదు, ముందు చక్రాల కింద నేలను చూసింది. కుడివైపు గట్టి అంచు పట్టుకుని మొదటి గేరులో కదిలింది. ముందు నాగరత్నం వెనక్కి వెనక్కి నడుస్తూ, రానీ, రానీ అని చెయ్యి ఊపింది. కుడి చక్రం చెరువు అంచుకి జానెడు దూరంలో వెళుతోందని వీరవేణికి చూడకుండానే తెలిసింది. మలుపులో బరువు ఒక పక్కకి ఒరిగినప్పుడు స్టీరింగు అదరలేదు, తనూ అదరలేదు. పక్కసీటు ఖాళీగానే ఉంది. ఈసారి ఎవరూ గొంతు సవరించుకోలేదు. అందుకు మాత్రం ఆమెకు గుండె కలుక్కుమంది.

దాటేసరికి వెనక బళ్లు పోగయ్యాయి. చెరువుమీంచి బుల్లిరాజు కూడా కారులో వచ్చాడు. పైపును చూసి, అందరూ వేసుకునేదేగా, చూద్దాంలెమ్మా అన్నాడు. అమ్మిరాజు లేచి, గద్దె పక్కన రాడ్డు పాతి, బండ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

ఇంజను ఆపకుండానే వీరవేణి కిటికీలోంచి తల బయటపెట్టింది. గొంతు పెంచలేదు.

"బుల్లిరాజుగారూ, నేను సరుకు దింపి ఇదే దారిలో వస్తానండి. నేనొచ్చేసరికి ఈ గద్దె ఇక్కడ ఉండకూడదు. పైపు బయటికి రావాలి. కాలవ ఇంజనీరుగారిని పిలిపించి, ఈ గట్టుకి రాళ్లు వేసి అడ్డుగోడ కట్టే పని ఇవాళే మొదలవ్వాలి. మా అమ్మా బాబాయీ ఇక్కణ్నుంచి కదలరు. ఇంకొక్కటండి. మా నాన్న తాగి పడ్డాడని చెప్పిన నోళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కొక్కరూ మా అమ్మ ముందుకొచ్చి, తాగి పడలేదని చెప్పండి. మీతోనే మొదలెట్టండి."